రైల్వే కంపెనీలు కలిసిపోతే ఉద్యోగం ఉంటుందా?

ప్రశ్న: నేను పదకొండేళ్లుగా అమెరికాలో ఒక పెద్ద సరుకు రవాణా రైల్వే కంపెనీలో క్లర్కుగా పనిచేస్తున్నాను. యూనియన్ సభ్యుణ్ణి. మా కంపెనీ ఇంకో పెద్ద కంపెనీతో కలవబోతోందట. మా ఆఫీసు పనంతా వేరే రాష్ట్రానికి తీసుకుపోతారని అందరిలో టెన్షన్. సీనియర్లు మాత్రం "భయమెందుకు, న్యూయార్క్ డాక్ ఉంది కదా, ఆరేళ్లు ఇంట్లో కూర్చోబెట్టి జీతమిస్తారు" అంటున్నారు. అది నిజమేనా? వేరే ఊరికి రమ్మంటే వెళ్లి తీరాలా? సికింద్రాబాద్‌లో రైల్వేలో రిటైరైన మా నాన్నగారికైతే రైల్వే ఉద్యోగం పోవడమేమిటో అర్థం కావడం లేదు. – ఎస్.ఆర్., అట్లాంటా

జవాబు: న్యూయార్క్ డాక్ అంటే కంపెనీలు కలిసేటప్పుడు ఉద్యోగుల కోసం ప్రభుత్వ సంస్థ పెట్టే రక్షణ షరతులు. వాటిలో ఆరేళ్ల మాట నిజమేనండీ. ఇంట్లో కూర్చోబెట్టి ఇస్తారన్నది మాత్రం నిజం కాదు. ఆ తేడా తెలియక పెద్ద మొత్తాలు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు.

ముందు మీ నాన్నగారి సందేహం తీరుస్తాను. అక్కడ సరుకు రైళ్లు నడిపేవి ప్రైవేటు కంపెనీలు. అవి ఒకదాన్నొకటి కొనుక్కోవడం వంద ఏళ్లకు పైగా సాగుతున్న వ్యవహారం. రెండు కలిస్తే రెండు అకౌంట్స్ ఆఫీసులు, రెండు వర్క్‌షాపులు అక్కర్లేదు. కలవడంలో లాభమంతా అక్కడే, ఉద్యోగుల గొడవ కూడా అక్కడే.

మహా మాంద్యం రోజుల్లో, 1933లో, రైల్వేలు పనులు కలుపుకుని ఖర్చు తగ్గించుకోవాలని అమెరికా కాంగ్రెస్ ఒక అత్యవసర చట్టం చేసింది. దాంట్లోనే యూనియన్లు ఒక మెలిక పెట్టించాయి. ఆ చట్టం కింద ఏం కలిపినా ఉద్యోగుల సంఖ్య 1933 మేలో ఉన్నదానికంటే తగ్గకూడదు. చనిపోయినవాళ్లు, రిటైరైనవాళ్లు, మానేసినవాళ్ల ఖాళీలు తీసేయొచ్చు గానీ, అది కూడా ఏడాదికి 5 శాతానికి మించకూడదు. మనుషుల్ని తగ్గించే వీల్లేకపోతే కలిపి ఏం లాభమని కంపెనీలు పెద్దగా ముందుకు రాలేదు. ఉద్యోగాన్నే నేరుగా కాపాడిన చట్టం నాకు తెలిసి ఈ చరిత్రలో అదొక్కటే. 1936లో దాని గడువు తీరిపోయింది.

గడువు దగ్గరపడ్డాక ప్రెసిడెంట్ రూజ్‌వెల్ట్ ప్రోద్బలంతో కంపెనీలూ యూనియన్లూ కూర్చుని మాట్లాడుకున్నాయి. 1936 మే 21న కుదిరిన ఆ రాజీనే వాషింగ్టన్ జాబ్ ప్రొటెక్షన్ అగ్రిమెంట్ అంటారు. కంపెనీ ఉద్యోగం తీసేయొచ్చు, తీసేస్తే డబ్బు కట్టాలి. పని పోయినవాడికి సగటు నెల జీతంలో 60 శాతం, సర్వీసును బట్టి గరిష్ఠంగా అయిదేళ్లు. 90 రోజుల ముందు నోటీసు, సామాన్ల తరలింపు ఖర్చు, ఇల్లు నష్టానికి అమ్ముకుంటే ఆ నష్టం, అన్నీ అందులో ఉన్నాయి. యూనియన్లు తప్పు చేశాయని అనను. చట్టం గడువు తీరిపోతే చేతిలో ఏమీ మిగలని పరిస్థితి అప్పుడు.

ఇది ఒప్పందం మాత్రమే కాబట్టి ప్రభుత్వం బలవంతంగా అమలు చేయించగలదా అన్న ప్రశ్న వచ్చింది. విలీనానికి అనుమతిచ్చేటప్పుడు, రైల్వేలను నియంత్రించే ప్రభుత్వ సంస్థ అయిన ఇంటర్‌స్టేట్ కామర్స్ కమిషన్ ఇలాంటి షరతులు పెట్టొచ్చని 1939లో లౌడెన్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 1940లో కాంగ్రెస్ దాన్ని తప్పనిసరి చేస్తూ, విలీనం వల్ల నాలుగేళ్లపాటు ఉద్యోగి పరిస్థితి దిగజారకూడదని రాసింది. అంతకుముందు అయోవా ప్రతినిధి హారింగ్టన్ అసలు ఉద్యోగాలు తీసే విలీనాలనే ఒప్పుకోవద్దని సవరణ తెచ్చాడు. అది చివరికి నీరుగారి ఈ నాలుగేళ్లుగా మిగిలింది.

1960లో ఎరీ, లాకవానా రైల్వేలు కలిసినప్పుడు ట్రాక్ కార్మికుల యూనియన్ కోర్టుకెక్కింది. నాలుగేళ్లూ ఉద్యోగమే ఉంచాలి, డబ్బిచ్చి పంపేస్తే కుదరదని వాళ్ల వాదన. 1961లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు, తగిన పరిహారం ఇస్తే చాలంది. మీ ప్రశ్నకు అసలు జవాబు ఆ తీర్పులోనే ఉంది. చట్టం కాపాడేది మీ కుర్చీని కాదు, కొంతకాలం మీ ఆదాయాన్ని.

బేరమాడి అంతకంటే ఎక్కువ సాధించినవాళ్లూ లేకపోలేదు. రెండు పెద్ద రైల్వేలు కలిసి పెన్ సెంట్రల్ అయ్యే విలీనం కోసం 1964లో యూనియన్లకు జీవితకాల భద్రత రాసిచ్చారు. 1968 ఫిబ్రవరిలో కంపెనీలు కలిశాయి, 1970 జూన్‌లో దివాలా తీశాయి. తర్వాత ప్రభుత్వం కాన్‌రైల్ అనే రైల్వే కంపెనీ పెట్టినప్పుడు, 1973 చట్టంలో, అయిదేళ్లకు పైగా సర్వీసున్నవాళ్లకు 65 ఏళ్లు వచ్చేదాకా నెలనెలా సొమ్ము ఇస్తామన్నారు. 1981లో ఆ భాగాన్ని చట్టం నుంచే తీసేశారు. కాబట్టి ఎవరైనా జీవితాంతం గ్యారంటీ అంటే ఆ కాగితం మీద డబ్బు ఎవరు కడతారని రాసి ఉందో ముందు చూస్తాను.

ఇక న్యూయార్క్ డాక్. బ్రూక్లిన్ రేవుల్లో బోగీలు అటూ ఇటూ మార్చే ఓ చిన్న రైల్వే అది. పక్కనున్న ఇంకో చిన్న టెర్మినల్ రైల్వేను తన చేతిలోకి తీసుకున్న సందర్భంలో, 1979లో కమిషన్ పెట్టిన షరతులకు ఆ పేరు స్థిరపడింది. పాత నాలుగేళ్లకు బదులు మీరు విన్న ఆరేళ్లు ఈ షరతుల్లోవే. ఇవాళ దేశాన్ని ఈ చివర నుంచి ఆ చివరకు చుట్టే కంపెనీలకు కూడా అవే షరతులు. 2025 జూలైలో యూనియన్ పసిఫిక్, నార్‌ఫోక్ సదరన్ ప్రకటించిన 8,500 కోట్ల డాలర్ల విలీనం లాంటిదేదైనా ఆ కమిషన్ స్థానంలో వచ్చిన సర్ఫేస్ ట్రాన్స్‌పోర్టేషన్ బోర్డు అనుమతి లేకుండా జరగదు. క్లాస్ వన్ కంపెనీలకు, అంటే అన్నిటికంటే పెద్ద రైల్వేలకు, బోర్డు అనుమతిస్తే ఈ రక్షణ కూడా పెట్టి తీరాలి. చిన్న రైల్వేల విషయం వేరు. అక్కడ ఒక ఏడాది పరిహారమో, అసలేమీ లేకపోవడమో.

మీ విషయంలో లెక్క ఇలా ఉంటుంది. గడిచిన 12 నెలల్లో ఓవర్‌టైమ్‌తో కలిపి మీకు 72,000 డాలర్లు వచ్చాయనుకుందాం. నెలకు 6,000. సీనియారిటీతో పట్టుకున్న కొత్త పోస్టులో 5,200 వస్తే తేడా 800 కంపెనీ కడుతుంది. పనే పోతే నెలకు 6,000 ఇస్తుంది, కానీ మీరు బయట 2,500 సంపాదిస్తే 3,500కి తగ్గిస్తుంది. నిరుద్యోగ భృతి కూడా ఇలాగే మినహాయిస్తారు. మీకు పదకొండేళ్ల సర్వీసుంది కాబట్టి ఆరేళ్లూ వర్తిస్తుంది. నాలుగేళ్ల క్రితం చేరిన మీ పక్కసీటు కుర్రాడికి నాలుగేళ్లే.

ఇంట్లో కూర్చోవడం ఎందుకు కుదరదంటే, ఇల్లు మారకుండా చేయగలిగిన పోస్టు మీ సీనియారిటీకి దొరుకుతూ ఉంటే, మీరు తీసుకోకపోయినా తీసుకున్నట్టే లెక్కేస్తారు. పని పోయినవాడు వెనక్కి పిలిస్తే రాకపోయినా, అలాంటి పోస్టును సరైన కారణం లేకుండా కాదన్నా చెల్లింపు ఆగిపోతుంది.

వేరే రాష్ట్రానికి రమ్మంటే అన్నదానికి జవాబు, మార్పును ఎలా చేయాలో కంపెనీతో మీ యూనియన్ చేసుకునే అమలు ఒప్పందంలో ఉంటుంది. మార్పుకు ముందు కంపెనీ కనీసం 90 రోజుల నోటీసివ్వాలి. 30 రోజుల్లో ఒప్పందం కుదరకపోతే ఆర్బిట్రేషన్, అంటే మధ్యవర్తి తీర్పు. అది తేలేదాకా మార్పు చేయకూడదు. పనితోపాటు వెళ్లే అవకాశమిచ్చినా వెళ్లనివారికి నెలవారీ చెల్లింపు దక్కదని చాలా ఆర్బిట్రేషన్ తీర్పులున్నాయి. పిల్లల చదువు, ఇల్లు అని కాదనేముందు ఆ ఒప్పందం ముసాయిదా చదవండి. వెళితే తరలింపు ఖర్చు కంపెనీదే. ఇల్లు తక్కువకు అమ్మాల్సివస్తే నష్టాన్ని ఏడాదిలోగా క్లెయిమ్ చేయాలి. "ఈ పని ఊరు దాటి పోకూడదు" అని పాత యూనియన్ ఒప్పందంలో ఉంది కదా అని నిబ్బరంగా ఉండకండి. అనుమతి పొందిన విలీనానికి అడ్డొచ్చే ఒప్పందాలను పక్కనపెట్టొచ్చని 1991లో సుప్రీంకోర్టే చెప్పింది.

కంపెనీ మొదట చేసే వాదన ఎప్పుడూ ఒకటే: "మీ పోస్టు పోయింది విలీనం వల్ల కాదు, సరుకు తగ్గింది, కంప్యూటర్లొచ్చాయి." ఫలానా మార్పు వల్ల నా పోస్టు పోయిందని వివరాలతో చూపించడం మీ వంతు. తర్వాత కాదని నిరూపించడం కంపెనీ వంతు. అనుమతి రాకముందే, ఈ చెల్లింపులు తప్పించుకునేలా మనుషుల్ని సర్దేసినా రక్షణ వర్తిస్తుంది. అందుకే ఇప్పటి నుంచే పే స్లిప్పులు, సీనియారిటీ రోస్టరు, పోస్టు రద్దు బులెటిన్లు, మీ పని ఎవరికి అప్పజెప్పమన్నారో ఆ మెయిళ్లు ఇంటి దగ్గర దాచుకోండి. ఆఫీసు కంప్యూటర్లో ఉన్నవి ఆ రోజు మీ చేతికి రావు.

చివరగా, పని పోయాక ఒక్కసారే మొత్తం తీసుకుని రాజీనామా చేసే వీలు కూడా ఉంది. దానికి గడువు 7 రోజులే. మీ సర్వీసుకు 1936 ఒప్పందం ప్రకారం 12 నెలల జీతం వస్తుంది, ఆ తర్వాత ఇంకేమీ రాదు. బయట మంచి ఉద్యోగం సిద్ధంగా ఉంటే తప్ప ఆరేళ్ల హక్కు వదిలి దాని మీద సంతకం పెట్టమని నేను చెప్పను.