ఉప్పు స్ఫటికం వాహకత గ్రాఫులో రెండు వాలులు: సమాధానం

సోడియం క్లోరైడ్ విద్యుత్ వాహకత గ్రాఫు (నిలువుగా వాహకత లాగరిథమ్, అడ్డంగా 1/T, అంటే ఎడమవైపు వేడి, కుడివైపు చల్లన) ఒకే సరళరేఖగా రాకుండా మధ్యలో విరిగిందని, మీటరు చెడిందేమోనని అడిగారు. మీటరును అనుమానించకండి, అది అలాగే రావాలి.

లోపమే లేని స్ఫటికంలో అయాన్‌కు కదిలే చోటుండదు. పక్కన ఖాళీ స్థానం ఉంటేనే సోడియం అయాన్ అందులోకి దూకుతుంది. అధిక ఉష్ణోగ్రతల్లో ఈ ఖాళీలను వేడే పుట్టిస్తుంది. ఒక సోడియం ఖాళీ, ఒక క్లోరైడ్ ఖాళీ జంటగా ఏర్పడతాయి; షాట్కీ లోపాలంటే ఇవే. అందుకే గ్రాఫులో ఎడమవైపు నిటారు వాలులో దూకేందుకు కావలసిన శక్తితో పాటు, ఖాళీల జంట ఏర్పడే శక్తిలో సగం కలిసి ఉంటుంది. చల్లబడ్డాక వేడి పుట్టించే ఖాళీలు నామమాత్రం. అప్పుడు పని నడిపేవి మలినాలు. రెండు ధనావేశాలున్న కాల్షియం అయాన్ ఒకటి సోడియం స్థానంలో చేరితే, ఆవేశం సరిపోవడానికి ఇంకో సోడియం స్థానం ఖాళీ కావాలి. ఈ ఖాళీల సంఖ్య ఉష్ణోగ్రతతో పెద్దగా మారదు కాబట్టి కుడివైపు వాలు దూకే శక్తిని మాత్రమే చూపుతుంది: సుమారు 0.7 ఎలక్ట్రాన్ వోల్టులు.

నమ్మకం కుదరకపోతే కొద్దిగా స్ట్రాన్షియం క్లోరైడ్ (స్ట్రాన్షియం అయాన్‌కూ కాల్షియంలాగే రెండు ధనావేశాలు) కలిపి పెంచిన స్ఫటికాన్ని కొలిచి చూడండి. విరుపు అధిక ఉష్ణోగ్రత వైపుకు జరిగి కనిపిస్తుంది.

అన్నట్టు, మీరు వాహకత లాగరిథమ్ మాత్రమే గీసినట్టున్నారు. వాహకతను కెల్విన్ ఉష్ణోగ్రతతో గుణించి, ఆ తర్వాత లాగరిథమ్ తీయండి. కొలిచేది ఏకాంతర విద్యుత్తుతోనే సుమా. ఏకముఖ విద్యుత్తు పెడితే అయాన్లు ఎలక్ట్రోడ్ల దగ్గర పేరుకుని రీడింగు నిలవదు.