చిన్నాకి, బొమ్మకార్ల బేరం గురించి

గాజువాక,
ఆదివారం రాత్రి

ఒరేయ్ చిన్నా,

మొన్న ఫోన్లో నువ్వు ఊపిరి తీసుకోకుండా చెప్పుకుపోయావు. నేను "సరే, చూద్దాంలే" అని పెట్టేశాను. పక్కన మీ అమ్మ గొంతు వినబడింది, అందుకే పొడిగించలేదు. ఉద్యోగం పోయిన సంగతి దానికింకా చెప్పలేదని నాకు తెలుసు. అది నువ్వే చెప్పుకోవాలి, నన్ను మధ్యలోకి లాగకు.

బొమ్మల సంగతి మాత్రం నేను చెప్పాల్సిందే. కంపెనీవాళ్ళు లెక్క తేల్చి ఇచ్చిన డబ్బులో రెండు లక్షలు తీసి హాట్ వీల్స్ కార్లూ, ఆ పళ్ళికిలించే కుందేలు చెవుల లబుబు బొమ్మలూ కొని పెడతానంటావు. షేర్లు పడుతున్నాయి, మధురవాడలో ఫ్లాటు అమ్ముదామంటే అడిగేవాడు లేడు, బొమ్మలొక్కటే పెరుగుతున్నాయి అన్నావు. నిజమే, పెరుగుతున్నాయి. కానీ ఎవరికి పెరుగుతున్నాయో చూడాలి కదా. ముప్ఫై ఏళ్ళకు పైగా ఈ కార్లు పోగేస్తున్నాను. మీ అత్త నన్నెన్ని మాటలందో నీకు తెలియంది కాదు. అందుకని కాస్త ఓపిగ్గా చదువు.

నువ్వు పంపిన ఫొటోల్లో ధరలన్నీ అమ్మేవాడు అడుగుతున్నవి. పెదవాల్తేరులో ఒకాయన ఇంటికి బోర్డు పెట్టి కోటిన్నర అంటాడు. నాలుగేళ్ళుగా ఆ బోర్డు అలాగే ఉంటుంది, ఎండకి అక్షరాలు కూడా పోతాయి. ఆ ఇంటి ధర కోటిన్నర అంటావేటి? బొమ్మకీ అంతే. ఈబే అనే ఆన్‌లైన్ అంగడిలో అమ్ముడైపోయిన సరుకు మాత్రమే చూపించే ఏర్పాటు ఉంది. అది నొక్కి, గత రెండు మూడు నెలల్లో అదే కారు, అదే రంగు, అదే స్థితిలో ఎంతకి వెళ్ళిందో చూడు. మన వాట్సాప్ గ్రూపుల్లో అయితే "సోల్డ్" అని రాసినవాడిని విడిగా పలకరించి, చివరికి ఎంతకి తెగిందో అడుగు. చాలామంది దాచుకోకుండా చెప్తారు. ఒక నెల పాటు ఒక నోటుబుక్కులో ఇవి రాసుకో, పైసా పెట్టకుండా. అడిగిన ధరకీ తెగిన ధరకీ ఎంత తేడా ఉందో నీకే కనబడుతుంది.

జనం చేతుల్లో డబ్బులు ఆడని రోజుల్లో బొమ్మల ధర ఎందుకు పెరుగుతుందన్నావు. నాకు తెలిసినంతలో ఇది ఒక్క కారణం కాదు. పదేళ్ళ వయసులో అద్దాల బీరువా బయట నిలబడి చూసిన కుర్రాడికి ఇప్పుడు నలభై ఏళ్ళు. దేశంలో ఎంత ఇబ్బంది ఉన్నా వాళ్ళలో కొందరి జీతం కదలదు. ఇల్లు కొనలేనప్పుడు, కారు కొనలేనప్పుడు, అరచేతిలో పట్టే కారైనా కొనుక్కుందామనిపిస్తుంది మనిషికి. దుకాణాలవాళ్ళు భయపడి తక్కువ సరుకు తెప్పిస్తారు. ఆ ఏడాది మోడళ్ళు తర్వాత దొరకవు. 2020లో జనం ఇళ్ళల్లో కూర్చున్నప్పుడు పోకెమాన్ అనే కార్టూన్ బొమ్మల కార్డుల మీద అమెరికాలో ఎంత వెర్రి పుట్టిందంటే, 2021 మే నెలలో ఒక దుకాణం బయట కార్డుల కోసం కొట్లాట జరిగి, టార్గెట్ అనే పెద్ద గొలుసు దుకాణాలవాళ్ళు కొన్నాళ్ళు వాటి అమ్మకమే ఆపేశారు.

మన దగ్గర దానికి ఇంకోటి తోడైంది. బయటి బొమ్మల మీద దిగుమతి సుంకం 2020లో 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి పెంచారు. 2021 నుంచి ఐ.ఎస్.ఐ. మార్కు లేనిదే బొమ్మ అమ్మకూడదన్నారు. దానికి తోడు డాలరు ధర ఒకటి. జపాన్ నుంచి ఒకడు తెప్పించిన బొమ్మకి ఇక్కడ రెట్టింపు పలుకుతోందంటే, ఆ రెట్టింపులో కొంత కేవలం సుంకం. అరుదైనదని కాదు. రేపు కంపెనీయే నేరుగా తెచ్చి ఇక్కడి కొట్లో పెట్టిందనుకో, నీ దగ్గరున్నది ఎవరు కొంటారు?

లబుబు దగ్గరికి వద్దాం. 2025 జూన్ 10న బీజింగ్‌లో వేలం పెడితే నిలువెత్తు లబుబు బొమ్మ ఒకటి పది లక్షల ఎనభై వేల యువాన్లకి పోయింది. మన డబ్బులో కోటి దాటింది. ఆ వార్త నువ్వే పంపావు నాకు. అదే నెలలో ఆ బొమ్మల కంపెనీవాళ్ళు చైనాలో ఆన్‌లైన్‌లో సరుకు ఒక్కసారి వదిలేసరికి, చేతులు మార్చుకుని అమ్ముకునేవాళ్ళ ధరలు గబగబా జారిపోయాయి. ఆ వార్త నువ్వు పంపలేదు. తయారుచేసేవాడి అచ్చు అతని దగ్గరే ఉంది, కావలసినప్పుడు ఇంకో లక్ష తీస్తాడు. నువ్వు కొనేది అతని దయ మీద ఆధారపడిన సరుకు.

మా తరంలో ఇలాంటిదే బీనీ బేబీల గొడవ. 1993లో అమెరికాలో మొదలైన గుడ్డ బొమ్మలవి, లోపల గింజల్లాంటి ప్లాస్టిక్ గుళికలు. కంపెనీవాడు ఒక్కో రకాన్ని "ఇక చెయ్యం" అని ప్రకటించేవాడు, జనం దాని మీద పడేవారు. పిల్లల చదువులకి పనికొస్తాయని డబ్బాల కొద్దీ దాచినవాళ్ళున్నారు. 1999లో లాస్ వేగస్‌లో విడాకులు తీసుకున్న మొగుడూ పెళ్ళాం కోర్టు హాల్లో నేల మీద కూర్చుని ఆ బొమ్మల్ని నీకొకటి నాకొకటి అని పంచుకున్నారు. ఆ ఫొటో అప్పట్లో పేపర్లలో వచ్చింది. ఆ ఏడాదే కంపెనీ మొత్తం అన్నీ డిసెంబరు 31తో ఆపేస్తామంది. తర్వాత మళ్ళీ చేస్తామంది. ఆ ధరలు మళ్ళీ తేరుకోలేదు.

ముక్కలు కలిపి కట్టే లెగో బొమ్మల సంగతి ఎత్తుతావని తెలుసు. 1987 నుంచి 2015 దాకా లెగో సెట్ల ధరలు లెక్కగట్టి, సగటున ఏడాదికి 11 శాతం వచ్చిందని రష్యాలో ఆర్థికశాస్త్ర పరిశోధకులు తేల్చారు. మంచి లెక్కే. అదే లెక్కలో కొన్ని సెట్లు సగం విలువ పోగొట్టుకున్నాయి, కొన్ని ఆరింతలు లాభం తెచ్చాయి. సగటు మనిషి ఇంట్లో సగటు సెట్టు ఉండదు కదా. పైగా వాళ్ళు లెక్కేసింది పెట్టె విప్పనివి. పెట్టె విప్పకుండా పదేళ్ళు ఆగగలవా నువ్వు? నీ ఏడో పుట్టినరోజుకి నేనిచ్చిన కారుని కాగితం చించకముందే దొర్లించావు.

అన్నిటికంటే ముఖ్యం ఒకటుంది. మీ అత్త గాజు ఒకటి తీసుకుని కురుపాం మార్కెట్‌కి వెళ్ళామనుకో, తూకం వేసి, గీటురాయి మీద గీసి, టీ చల్లారేలోపు డబ్బు చేతిలో పెడతారు. నా దగ్గరున్న కార్లు మొత్తం ఆటోలో వేసుకుని అదే వీధిలో తిరిగితే, పిల్లలకి ఇస్తారా తాతా అని అడుగుతారు. నీకిప్పుడు జీతం లేదు. ఆరు నెలల ఇంటద్దె, ఈ.ఎం.ఐ., అమ్మ మందులు పక్కన పెట్టు. అందులోంచి ఒక్క రూపాయి కూడా బొమ్మల్లోకి పోకూడదు. మిగిలిందాంట్లో పది వేలు పెట్టుకో. అవి పోయినా నిద్ర పట్టాలి. రెండు లక్షల మాట నా దగ్గర ఎత్తకు.

ఇక కొన్నాక వాటిని ఎలా ఉంచాలో చెప్తాను. ఇది ఎవరూ చెప్పరు నీకు. మన ఊళ్ళో ఇదే అసలు సమస్య.

నేను జింక్ స్మెల్టర్లో పనిచేసినవాణ్ణి. ఈ కార్లన్నీ ఆ లోహంతో పోసినవే. జింకులో నాలుగు శాతం దాకా అల్యూమినియం, చిటికెడు మెగ్నీషియం కలిపి పోతపోస్తారు. జామక్ అంటారు. ఆ జింకు చాలా శుభ్రంగా ఉండాలి. కాస్త సీసం కలిసినా, ఏళ్ళ తర్వాత గాలిలో తేమ తగిలి లోపల్నుంచి ఉబ్బి, పగుళ్ళిచ్చి, అప్పడం విరిగినట్టు విరిగిపోతుంది. దాన్నే జింక్ పెస్ట్ అంటారు. మందు లేదు. అందుకే చాలా పాత కారు కొనేటప్పుడు పైన రంగు కాదు, అడుగున చూడు. తలుపుల అంచుల్లో, చక్రాల కమానుల దగ్గర సన్నని గీతలు, పొక్కులు ఉంటే ఎంత తక్కువకిచ్చినా వద్దు.

కొత్తవాటికి ఆ భయం తక్కువ, కానీ మన సముద్రపు గాలి ఉంది. ఆర్కే బీచ్ వైపు ఇళ్ళల్లో కిటికీ ఊచలు చూశావుగా. ఇరుసులు తుప్పు పడతాయి, అడుగున తెల్లని పొడి తేలుతుంది. జూలై నుంచి నవంబరు దాకా గాలి చొరబడని డబ్బాల్లో ఉంచి, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు వేసి, రెండు నెలలకోసారి మార్చు. కలరా ఉండలు మాత్రం వెయ్యకు. ఆ ఆవిరికి కొన్ని ప్లాస్టిక్కులు మెత్తబడతాయి. ఒక అందమైన బస్సు అద్దాలు అలాగే పాడు చేసుకున్నాను, చీరల బీరువాలో దాచి. ఎండ తగిలితే అట్ట మీద కారుని కప్పి ఉంచే ప్లాస్టిక్ బుడగ పసుపెక్కుతుంది. మెత్తటి రబ్బరు చక్రాల్ని ప్లాస్టిక్ మీద ఏళ్ళ తరబడి ఆనించి ఉంచితే అచ్చు పడిపోతుంది. కింద మామూలు కాగితం వెయ్యి.

2014 అక్టోబరు 12 నువ్వు మర్చిపోయి ఉండవు. హుద్‌హుద్ వచ్చిన రోజు. మా ముందుగది కిటికీ చట్రంతో సహా లోపలికొచ్చి పడింది. ఇంట్లో మనుషులకి ఏమీ కాలేదు, అంతే చాలనుకున్నాం. నాలుగు రోజుల తర్వాత అటక మీది అట్టపెట్టెలు దింపితే, అరవైకి పైగా కార్లు, అన్నీ అట్టకి అంటించి ఉన్నవే, అట్ట మొత్తం నాని అంబలిలా అయిపోయింది. కార్లు బాగానే ఉన్నాయి. అట్ట పోయేసరికి వాటి విలువలో పెద్ద ముక్క పోయింది. లోహం నిలిచింది, కాగితం పోయింది, జనం డబ్బిచ్చేది కాగితానికి! ఆ రోజు నుంచి నా పెట్టెలన్నీ ప్లాస్టిక్‌వి, నేల మీద కాదు, కిటికీ పక్కన కాదు, గోద్రెజ్ బీరువాలో.

మోసాల గురించి క్లుప్తంగా. హాట్ వీల్స్‌లో అరుదుగా దొరికే సూపర్ ట్రెజర్ హంట్ కార్లని చెప్పి అమ్మేవాటిలో తారుమారు చేసినవి చాలా తిరుగుతున్నాయి. అసలుదానికి రబ్బరు చక్రాలు, మెరిసే ప్రత్యేకమైన రంగు, కారు మీద ఎక్కడో టీ.హెచ్. అక్షరాలు, అట్ట మీద కారు వెనకాల బంగారు రంగు మంట గుర్తు ఉంటాయి. అట్ట లేకుండా అమ్మితే అడుగున రివెట్లు చూడు. డ్రిల్లుతో తెరిచి చక్రాలు మార్చినది అక్కడ దొరికిపోతుంది. సరుకు రాకముందే పెట్టే ప్రీ-ఆర్డర్లకి పూర్తి డబ్బు ముందు కట్టకు. బర్రెని నీళ్ళలో ఉంచి బేరమాడినట్టు ఉంటుంది. నేను నాలుగు వేలు అలా పంపించాను ఒకడికి. మూడు నెలలు "షిప్పింగులో ఉంది సార్" అన్నాడు, తర్వాత నంబరే లేదు.

కష్టకాలంలో కొనడానికి వీలున్నదల్లా, పెరుగుతున్న కొత్త సరుకు కాదు. అవసరానికి అమ్ముకునేవాడి పాత సరుకు. మంచి కలెక్షన్లు అప్పుడే బయటికొస్తాయి. లియో మాటెల్ అనే పేరుతో ఒకప్పుడు మన దేశంలోనే తయారైన హాట్ వీల్స్ పూర్ణా మార్కెట్లో యాభై రూపాయలలోపే కొన్నాను. ఇప్పుడు వాటి కోసం విదేశాల్లో వెతుకుతున్నారు. అలాంటివి ఎవరైనా అమ్ముతుంటే చూడు. కానీ ఉద్యోగం పోయినవాడి దగ్గర పీకల మీద కూర్చుని బేరమాడకు. ఈ నెల నువ్వూ అదే వరసలో ఉన్నావు. ఇంకో మాట, సూపర్ మార్కెట్లో ర్యాకు మొత్తం ఊడ్చుకెళ్ళే బాపతులో నువ్వు చేరితే నా గుమ్మం తొక్కకు. పక్కన పిల్లాడు ఏడుస్తుంటే మూడింతలకి అమ్ముకుందామని పెట్టె నింపుకునే వెధవల్ని కళ్ళారా చూశాను.

ఏటికొప్పాక బొమ్మల మీద పెట్టుబడి పెట్టొచ్చా అని కూడా అడిగావు. పెట్టొద్దు. వరాహ నది ఒడ్డున అంకుడు కర్ర తరిణె పట్టి, లక్క పూసి ఇవాళ్టికీ చేస్తున్నారు. 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. చేసే చేతులున్నంతకాలం పాతదాన్ని ఎక్కువకి ఎవరూ కొనరు, కొనకూడదు కూడా. కొత్తది కొని ఆయనకే డబ్బివ్వు, దసరా కొలువులో పెట్టుకో.

ఇప్పుడు నువ్వు చెయ్యాల్సింది. కొనే ముందు ఒక్కటి అమ్ము. మీ అటక మీద బిస్కట్ల రేకు డబ్బాలో నీ చిన్నప్పటి ఫన్‌స్కూల్ కంపెనీ జీ.ఐ.జో సిపాయి బొమ్మలున్నాయి, తొమ్మిదో పదో. ఇక్కడ తయారైనవాటిలో రంగులు తేడాగా ఉంటాయి కాబట్టి బయటి దేశాల్లోనూ వెతికేవాళ్ళున్నారు. ఫొటోలు తియ్యి, పెట్టు, అడిగేవాళ్ళకి జవాబివ్వు, "లాస్ట్ ప్రైస్ చెప్పు బ్రో" అనేవాళ్ళని భరించు, బబుల్ కవరు చుట్టి కొరియర్‌కి వెళ్ళు. చేతికొచ్చిందాంట్లోంచి ఖర్చులు తీసి, ఎన్ని గంటలు పట్టిందో పక్కన రాయి. ఆ కాగితం తీసుకునిరా, తర్వాత నీ పది వేల సంగతి కూర్చుని మాట్లాడుకుందాం.

వచ్చే ఆదివారం అయితే నాకు వీలే. డబ్బా కూడా తీసుకురా. ఒకటే జాగ్రత్త, వాటి నడుములు తిప్పి చూడకు. లోపల మొండేన్నీ కాళ్ళనీ కలిపి పట్టుకునేది చిన్న రబ్బరు రింగు. ఇన్నేళ్ళకి అది ఎండిపోయి ఉంటుంది, తిప్పావంటే తెగుతుంది. నా దగ్గర సరిపడే రింగులు ఉన్నాయి, నేనే మారుస్తాను.

మీ అత్త అడిగిందని చెప్పు అమ్మకి.

మీ మావయ్య