పిల్లల అడవి క్యాంపు: నేను దేన్ని చూసి ఎంచుకుంటానంటే

బాబుకి తొమ్మిదేళ్లు, ఇల్లు వదిలి ఒక్క రాత్రి కూడా ఉండలేదు, వేసవిలో పది రోజుల అడవి క్యాంపుకు పంపాలనుంది, ఎలా ఎంచుకోవాలి అని అడిగారు కదండీ. మా పిల్లలిద్దర్నీ ఇలాంటి క్యాంపులకు పంపాను. కొన్ని వేసవులు వాటిలో సహాయకురాలిగానూ పనిచేశాను.

ట్రెక్కింగ్, రాఫ్టింగ్, రాక్ క్లైంబింగ్ అంటూ బ్రోషర్‌లో ఎన్ని రాశారో పక్కన పెట్టండి. ఆఫీసులో ఫోనెత్తేవాళ్లతో కాకుండా, పిల్లలతో కొండెక్కే లీడర్‌తో మాట్లాడాలని అడగండి. "ఈమధ్య ఎప్పుడు దారి మధ్యలో వెనక్కి తిరిగారు? ఎందుకు?" అనండి. మంచి లీడర్ తడుముకోకుండా చెబుతారు. మా అమ్మాయి వెళ్లిన క్యాంపు లీడర్, శిఖరం కనిపిస్తుండగానే పిల్లల్ని కిందికి దింపేసిన సంగతి చెప్పారు. కారణం పిడుగు భయం: మెరుపు మెరిశాక 30 సెకన్లలోపే ఉరుము వినిపిస్తే అక్కడ నడక ఆపేసి సురక్షితమైన చోటికి చేరుస్తారు. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు గడిస్తే గానీ మళ్లీ కదలరు. పిల్లలు అలిగారట, ఏడ్చారట, అయినా ఆవిడ వినలేదు. ఆ మాట విన్నాకే ఫీజు కట్టాను. ఇంకో క్యాంపువాళ్లు "మేమెప్పుడూ వెనక్కి తిరగలేదండీ" అని గర్వంగా చెప్పారు. అక్కడికి పంపలేదు.

"మా వాళ్లందరికీ ఫస్ట్ ఎయిడ్ వచ్చు" అంటే అక్కడితో ఆగకండి. అంబులెన్స్ నిమిషాల్లో వచ్చే చోట చేసే ప్రథమ చికిత్స వేరు, గంటల తరబడి ఎవరూ రాలేని చోట కాలు విరిగిన పిల్లాణ్ణి చూసుకోవడం వేరు. దీనికోసమే వైల్డర్‌నెస్ ఫస్ట్ ఎయిడ్ అని సాధారణంగా 16 గంటల కోర్సు ఉంది. వైల్డర్‌నెస్ ఫస్ట్ రెస్పాండర్ అయితే 70 గంటలకు పైనే. రోడ్డుకు దూరంగా రాత్రులు గడిపే ప్రతి బృందంలో ఈ రెండోది చేసినవాళ్లు ఒకరైనా ఉండాలని నేను పట్టుబడతాను. బాబుకి ఆస్తమాగానీ అలర్జీగానీ ఉంటే, ఇన్‌హేలరో ఎపినెఫ్రిన్ ఇంజెక్షనో నడకలో ఎవరి సంచిలో ఉంటుందో అడగండి. బేస్ క్యాంపు అల్మారాలో ఉన్న మందు కొండమీద అక్కరకు రాదు.

ఈ వయసువాళ్లకి రాత్రి బస ఉంటే ఎనిమిది మందికి ఒక పెద్దవాళ్లు ఉండాలన్నది అమెరికన్ క్యాంప్ అసోసియేషన్ పెట్టుకున్న కొలత. ఎక్కడైనా అడగడానికి పనికొస్తుంది. ఏ పెద్దవాళ్లూ ఒక్క పిల్లాడితో ఒంటరిగా ఉండకూడదనే నియమం ఉందా, గుడారాల్లో ఎవరెవరు పడుకుంటారు అన్నవి మొహమాటపడకుండా అడగాల్సినవి. పడవ ఎక్కిస్తే ఈత వచ్చినవాళ్లకీ లైఫ్ జాకెట్ వేయాల్సిందే.

మీ బాబు విషయానికొస్తే, మొదటిసారికి పది రోజులు ఎక్కువని నా అభిప్రాయం. మూడు నాలుగు రాత్రులది, పగలంతా తిరిగి రాత్రికి ఒకే చోటికి చేరేది చూడండి. అంతకంటే ముందు దగ్గరివాళ్ల ఇంట్లో ఒకట్రెండు రాత్రులు మీరు లేకుండా పడుకోనివ్వండి. "బాగోకపోతే వెంటనే వచ్చి తీసుకొచ్చేస్తాలే" అని మాత్రం మాటివ్వకండి. ఇంట్లోవాళ్లు అలా మాటిచ్చి పంపిన పిల్లలు మొదటి సాయంత్రం బెంగ పుట్టగానే గేటు వైపే చూస్తూ కూర్చోవడం నేను చూశాను. దానికి బదులు, బెంగ అనిపిస్తే ఎవరి దగ్గరికి వెళ్లాలో వాడికి చెప్పి పంపండి. వీలైతే ఆ మనిషిని ముందే చూపించండి.

బూట్లు కొత్తవి కొంటే బయల్దేరే రోజున వేయకండి, ఓ రెండు వారాల ముందునుంచే వేసుకుని తిరగమనండి.