మూడక్షరాల చిత్తూరుకు ఎనిమిది ప్రశ్నార్థకాలు

ప్రశ్న: చిత్తూరు దగ్గర ఒక మామిడి మండీకి సి షార్ప్‌లో తూకం ప్రోగ్రాం రాసి ఇచ్చాను. ట్రాక్టరు కాటా ఎక్కితే బరువు నమోదై, 80 మి.మీ. థర్మల్ ప్రింటరు నుంచి చీటీ రావాలి. ఇంగ్లిషులో చక్కగా వస్తోంది కానీ, రైతు పేరు, ఊరి పేరు తెలుగులో పంపితే వాటి స్థానంలో ప్రశ్నార్థకాలు పడుతున్నాయి. మరొక చిక్కు ఏమిటంటే, కాగితం అయిపోయినా ప్రోగ్రాం ‘ప్రింట్ అయింది’ అనే చూపిస్తుంది. గుమాస్తా మళ్లీ నొక్కుతాడు. కొత్త రోలు పెట్టాక ఒకే బండికి రెండు చీటీలు వస్తాయి. తోతాపురి సీజన్‌లో ఇది పెద్ద తగవు అవుతోంది. పరిష్కారం చెప్పగలరు.
— ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: ముందుగా ఆ ప్రశ్నార్థకాలను లెక్కపెట్టండి. ‘చిత్తూరు’ అనే మాట మన కంటికి మూడక్షరాలే అయినా, ప్రపంచ లిపులన్నిటికీ సంకేతాలిచ్చే యూనికోడ్‌లో అది చ, గుడి, త, పొల్లు, త, కొమ్ముదీర్ఘం, ర, కొమ్ము అని ఎనిమిది సంకేతాలు. చీటీ మీద సరిగ్గా ఎనిమిది ప్రశ్నార్థకాలు పడితే ప్రింటరు తప్పేమీ లేదు. మీ ప్రోగ్రాం ఆ మాటను బైట్లుగా మార్చేటప్పుడు ఆస్కీ వంటి ఒక బైటు పట్టికను వాడిందని, ఆ పట్టికలో లేని ప్రతి సంకేతానికీ ఒక ప్రశ్నార్థకం పెట్టిందని అర్థం. అంటే తెలుగు మీ కంప్యూటరు దాటకముందే పోయింది. దాన్ని యూనికోడ్ సంకేతాలను బైట్లుగా రాసే యుటిఎఫ్-8 పద్ధతికి మార్చి చూస్తే ప్రశ్నార్థకాలు పోయి, వాటి చోట దాదాపు ఇరవైనాలుగు పిచ్చి గుర్తులు వస్తాయి. ఆ పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతానికి మూడు బైట్లు, ప్రింటరు ఒక్కొక్క బైటును ఒక్కొక్క అక్షరంగా చదువుతుంది. చాలామంది ఇక్కడికి వచ్చి ‘ఏ కోడ్‌పేజీ (ప్రింటరులోని అక్షరాల పట్టిక) పెట్టాలి’ అని రోజుల తరబడి వెతుకుతారు. ఆ వెతుకులాట మానండి.

ఎందుకంటే తెలుగు అక్షరాలను వరుసగా పేర్చితే మాట కాదు. త కింద తవత్తు చేరాలి, దానికి కొమ్ముదీర్ఘం కుడివైపు అతకాలి, గుడి పడిన చోట తలకట్టు తొలగాలి. ఈ కూర్పు సూత్రాలు ఫాంటులో ఉంటాయి, వాటిని అమలు చేసే యంత్రాంగం విండోస్‌లో ఉంటుంది. మార్కెట్లో దొరికే మామూలు రసీదు ప్రింటరుకు తెలిసినవి రెండే: తన పట్టికలోని అక్షరాలు, మీరు పంపే చుక్కలు. కాబట్టి అక్షరాన్ని గీసే పని కంప్యూటరుకు అప్పగించి, ప్రింటరుకు చుక్కలను మాత్రమే పంపాలి.

దీనికి తేలిక దారి, సి షార్ప్ ప్రోగ్రాంలకు ఆధారమైన డాట్‌నెట్‌లోని ప్రింట్‌డాక్యుమెంట్ తరగతి (క్లాస్). దాని ప్రింట్‌పేజ్ ఘటన (ఈవెంట్)లో గౌతమి ఫాంటుతో గానీ, విండోస్ 8 నుంచి వస్తున్న నిర్మలా యూఐ ఫాంటుతో గానీ మామూలుగా మాటను గీయండి. దాన్ని చుక్కలుగా మార్చే పని డ్రైవరు చూసుకుంటుంది. అయితే ప్రింటరు తయారీదారు ఇచ్చిన డ్రైవరే ఉండాలి. ‘జెనెరిక్ టెక్స్ట్ ఓన్లీ’ అనే డ్రైవరుతో పెట్టి ఉంటే ఎంత గీసినా తెలుగు రాదు, ఇంగ్లిషు మాత్రం వస్తూనే ఉంటుంది కనుక లోపం ఎక్కడుందో అంత సులువుగా తట్టదు. కొలతలు అంగుళంలో నూరోవంతుల్లో ఇవ్వాలి, 80 మి.మీ. అంటే సుమారు 315. ఇంకా పేజీలున్నాయా అని చెప్పే హ్యాజ్‌మోర్‌పేజెస్ విలువ మొదట ఫాల్స్‌గానే ఉంటుంది; దాన్ని ప్రతిసారీ ట్రూగా పెడితే మాత్రం రోలు అయిపోయేదాకా కాగితం వస్తూనే ఉంటుంది.

రెండో దారి, చీటీ మొత్తాన్ని మీరే బొమ్మగా గీసి, నలుపు తెలుపు చుక్కలుగా మార్చి, విండోస్‌లోని రైట్‌ప్రింటర్ అనే ఫంక్షను ద్వారా ముడి బైట్లుగా పంపడం. ఎప్సన్ రూపొందించిన ఆదేశాల భాషను ఇతర తయారీదారులు కూడా చాలామంది అనుసరిస్తారు. అందులో బొమ్మ ఆదేశం 29, 118, 48, 0 అనే నాలుగు బైట్లతో మొదలవుతుంది, ఆ వెంటనే వెడల్పు, ఎత్తు ఇవ్వాలి. 80 మి.మీ. యంత్రాలలో అచ్చు పడే వెడల్పు సాధారణంగా 72 మి.మీ., మిల్లీమీటరుకు 8 చుక్కల చొప్పున 576 చుక్కలు, అంటే వరుసకు 72 బైట్లు. 58 మి.మీ. వాటిలో ఇది ఎక్కువగా 384 చుక్కలు. గీసేటప్పుడు అంచులను నునుపు చేసే సదుపాయాన్ని తీసివేయండి, లేకపోతే బూడిదరంగు అంచులు విరిగి సున్నలు తెగిపోతాయి. వత్తులకు చోటు కావాలి కనుక ఇంగ్లిషుకు సరిపోయిన వరుసల ఎడం తెలుగుకు చాలదు. నా సలహా మొదటి దారే. రెండోది తప్పనిసరైతే తప్ప మండీ పనికి అక్కరలేదు.

ఇక రెండు చీటీల సంగతి. ప్రింట్ పద్ధతి తిరిగి వచ్చిందంటే చీటీ అచ్చయిందని కాదు, ప్రింటు పనులను ఒక్కొక్కటిగా ప్రింటరుకు పంపే విండోస్ స్పూలరు దాన్ని వరుసలో పెట్టుకుందని మాత్రమే. తపాలా పెట్టెలో ఉత్తరం వేయడం ఒకటి, అది చేరడం మరొకటి. పైన చెప్పిన రెండో దారిలో స్టార్ట్‌డాక్‌ప్రింటర్ అనే ఫంక్షను ఇచ్చే పని సంఖ్యతో గెట్‌జాబ్‌ అనే మరో ఫంక్షనును పిలిస్తే కాగితం లేదనీ, ప్రింటరుతో సంబంధం తెగిపోయిందనీ స్పూలరుకు తెలిసినంతవరకు తెలుస్తుంది. అది కూడా డ్రైవరు నిజాయితీ మీద ఆధారపడుతుంది. ప్రింటరు నెట్‌వర్క్ తీగ మీద ఉంటే 9100 పోర్టుకు సూటిగా కలిసి 16, 4, 4 అనే మూడు బైట్లు పంపి, కాగితం సెన్సారు స్థితిని దాన్నే అడగవచ్చు. చీటీ పంపే ముందు ఈ ప్రశ్న వేసి, కాగితం లేకపోతే గుమాస్తాకు అక్కడే చెప్పడం మంచిది.

ఇవన్నీ చేసినా సగంలో కరెంటు పోయిన చీటీకి హామీ లేదు. అందువల్ల తగవు తీరే చోటు ప్రింటరు కాదు, మీ డేటాబేసు. చీటీ సంఖ్య బరువు భద్రపరిచిన క్షణంలోనే పుట్టాలి, అచ్చు వేసేటప్పుడు కాదు. ప్రతి సంఖ్య పక్కన ఎన్నిసార్లు ప్రింటుకు పంపారన్న లెక్క ఉంచి, రెండోసారి నుంచి కాగితం నడినెత్తిన ‘నకలు’ అని పెద్దక్షరాలతో వేయండి. అప్పుడు ఒకే బండికి మూడు కాగితాలు వచ్చినా లోడు బరువు, ఖాళీ బరువు, నికర బరువు ఒకే సంఖ్య కింద ఉంటాయి కనుక ఎవరూ రెండుసార్లు లెక్క కట్టలేరు. ఒక చిన్న మాట: థర్మల్ కాగితం ఎండకు, ప్లాస్టిక్ కవర్లకు వెలిసిపోతుంది. రైతుకు డబ్బు చేతికందే లోపల చీటీ తెల్లకాగితం కాకూడదనుకుంటే, పాత డాట్‌మాట్రిక్స్ యంత్రాన్ని అటకెక్కించకండి.

ప్రశ్న: తిరుపతిలో ఒక లాడ్జికి వెబ్ అప్లికేషను చేశాను. నా ల్యాప్‌టాప్‌లో ఉన్నప్పుడు బిల్లు నేరుగా ప్రింటయ్యేది. సర్వరుకు ఎక్కించాక ఏమీ రావడం లేదు.
— ఒక విద్యార్థి, తిరుపతి

జవాబు: మీ ల్యాప్‌టాప్‌లో సర్వరూ, బ్రౌజరూ, ప్రింటరూ ఒకే యంత్రంలో ఉన్నాయి కనుక పని జరిగినట్టు కనిపించింది. సర్వరులో నడిచే కోడు సర్వరుకు తగిలించిన ప్రింటరునే చూస్తుంది. లాడ్జి కౌంటరు మీది ప్రింటరు ఉందన్న సంగతే దానికి తెలియదు. అచ్చు వేసే పని బ్రౌజరు వైపు జరగాలి. బ్రౌజరులోని విండో.ప్రింట్ ఆదేశాన్ని పిలిస్తే, ఏ ప్రింటరుకు పంపాలో అడిగే సంవాద పెట్టె తెరుచుకుంటుంది. ఏ వెబ్‌సైటు పడితే అది అడగకుండా కాగితం ఖర్చు చేయకూడదన్న రక్షణ అది, కోడుతో దాటలేరు. కౌంటరు కంప్యూటరు మీ చేతిలోనిదే కనుక అక్కడ క్రోమ్‌ను కియోస్క్ ప్రింటింగ్ ఎంపికతో తెరిస్తే పెట్టె లేకుండా డిఫాల్ట్ ప్రింటరుకే వెళుతుంది. బిల్లు కొలతను స్టైల్‌షీట్‌లోని పేజ్ నియమంలో ఇవ్వండి.

ప్రశ్న: చేత్తో నడిపితే ప్రింట్ చేసే ప్రోగ్రాం, విండోస్ సర్వీసుగా (తెర లేకుండా వెనక నడిచే ప్రోగ్రాంగా) పెడితే ఎందుకు చేయదు?
— ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: డిఫాల్ట్ ప్రింటరు వాడుకరికి చెందిన అమరిక; సర్వీసు వేరే ఖాతాలో నడుస్తుంది. పైగా డాట్‌నెట్ ప్రింటింగ్ తరగతులను సర్వీసులలో వాడడానికి మద్దతు లేదని మైక్రోసాఫ్ట్ తన పత్రాలలోనే చెప్పింది. సర్వీసు చేత పీడీఎఫ్‌లను ఒక ఫోల్డరులో పెట్టించి, వాడుకరి లాగిన్ అయినప్పుడు మొదలయ్యే ఒక చిన్న ప్రోగ్రాం చేత వాటిని ప్రింట్ చేయించండి.