వానలో సుజౌ: తోట ముందా, మ్యూజియం ముందా?

చైనాలో డ్రాగన్ బోట్ పండుగ సెలవుల్లో షాంఘై నుంచి సుజౌ నగరానికి వెళ్దామనుకున్నామని, సెలవులంతా వానే అంటున్నారు కాబట్టి అమ్మానాన్నలను తీసుకెళ్లాలా మానాలా తేలడం లేదని అడిగారు. తప్పకుండా వెళ్లండి. జూన్ మధ్య నుంచి ఆ ప్రాంతమంతా ముసురు పట్టే కాలం. అక్కడి తోటలు వేసినవాళ్లు ఆ ముసురును కూడా లెక్కలోకి తీసుకునే వేశారు. నేను మా అమ్మతో అలాంటి సెలవు రోజునే, తెరిపి లేని వానలో చూశాను.

సుజౌ మ్యూజియం, జువోజెంగ్ యువాన్ తోట ఒకే గోడకు అటూ ఇటూ ఉంటాయి. వాన పడుతుంటే మ్యూజియంలో గడిపేసి, తగ్గాక తోట చూద్దామని చాలామంది అనుకుంటారు. మీరు వాన జోరుగా ఉన్నప్పుడే తోటకు వెళ్లండి.

ఇది మింగ్ రాజుల కాలంలో, 16వ శతాబ్దం మొదట్లో, కొలువు విడిచి వచ్చిన వాంగ్ షియాన్‌చెన్ అనే అధికారి వేయించిన తోట. అయిదు హెక్టార్లకు పైగా ఉంటుంది. తీరిక తక్కువైతే మధ్యభాగం చూస్తే చాలు. పైకప్పు ఉన్న నడవాలు కొలను చుట్టూ వంపులు తిరుగుతూ సాగుతాయి, గొడుగు విప్పకుండానే చాలాచోట్లకు వెళ్లవచ్చు. చూరు అంచున వేలాడే ముక్కోణపు పెంకులను గమనించండి. కప్పు మీది నీరంతా వాటి కొసల నుంచే జారుతుంది. అందుకే ధారలు గోడను తడపకుండా, సమాన దూరాల్లో వరుసగా పడతాయి.

అక్కడే టింగ్ యు షువాన్ అనే చిన్న మందిరం ఉంది. వాన చప్పుడు వినడానికే కట్టారు. చుట్టూ అరటి చెట్లు, వెదుళ్లు, ముందు చిన్న కొలను. అరటాకు మీద పడే చినుకుది ఒక మోత, నీటి మీద పడేదానిది మరొకటి. కోనసీమలో పెరిగిన మా అమ్మకు అరటాకుల మీద వాన కొత్త కాదు. అయినా అక్కడి నుంచి లేవనంది. గుంపులు వస్తూ పోతూ ఉంటాయి, కాస్త ఓపిక పడితే నిశ్శబ్దం చిక్కుతుంది.

తర్వాత మ్యూజియం. పారిస్‌లో లూవ్ర్ మ్యూజియం ముందు గాజు పిరమిడ్ కట్టిన ఆర్కిటెక్ట్ ఐ.ఎం. పే రూపకల్పనలో ఈ భవనం 2006లో తెరుచుకుంది. ఆయన పూర్వీకులది ఈ ఊరే. పైకప్పుకు పెంకులు కాకుండా ముదురు బూడిద రంగు గ్రానైట్ పలకలు వేయించారు. తడిస్తే అవి నల్లబడతాయి, తెల్ల గోడల పక్కన ఆ నలుపును చూడాలంటే వాన పడాల్సిందే. లోపలి కొలను అవతల, తోటతో పంచుకున్న తెల్ల గోడ ముందు, పలకలుగా కోసిన రాళ్లను కొండల వరుసలా నిలబెట్టారు. సన్నటి వానలో వెనక రాళ్లు మసకబారి, సిరాతో గీసిన పాత చీనా చిత్రంలా కనిపిస్తాయి. నన్నడిగితే మ్యూజియంలో అన్నిటికన్నా గొప్ప ప్రదర్శన అదే. వస్తువుల్లో మాత్రం రెండింటిని వదలకండి: టైగర్ హిల్ గోపురంలో దొరికిన, తామర రేకులు చెక్కిన ఆకుపచ్చ పింగాణీ గిన్నె, 1978లో రుయిగ్వాంగ్ గోపురంలో బయటపడిన ముత్యాల బౌద్ధ స్తూపిక. గిన్నె వయసు వెయ్యేళ్ల పైమాటే.

మ్యూజియానికి టికెట్ లేదు కానీ పాస్‌పోర్ట్ వివరాలతో ముందుగా బుక్ చేసుకోవాలి. పండుగ రోజుల్లో ఆ బుకింగ్‌లు త్వరగా అయిపోతాయి. తోటకు టికెట్ ఉంది, దాన్నీ ముందే తీసుకోండి. వాన ఉన్నా సెలవుల్లో జనం తగ్గరు కాబట్టి తలుపులు తీసే వేళకే చేరుకోండి. ఇరుకు నడవాల్లో పెద్ద గొడుగులు అడ్డం, రెయిన్‌కోట్ మేలు. గులకరాళ్లు పరిచిన దారులు జారతాయి, పెద్దవాళ్లకు పట్టున్న చెప్పులు వేయించండి.

దగ్గర్లోనే పే కుటుంబానికి ఒకప్పుడు సొంతమైన షిజిలిన్ తోట ఉంది. అక్కడ రాతిగుహల్లో ఎక్కుతూ దిగుతూ తిరగాలి. అమ్మానాన్నలతో తడి రాళ్ల మీద అది వద్దు, ఎండ కాసే రోజుకు ఉంచుకోండి.