తొమ్మిది జట్ల క్వార్టర్‌బ్యాక్

ప్రశ్న: అమెరికాలో మా అబ్బాయి దగ్గర ఉన్నన్నాళ్లూ అక్కడి ఫుట్‌బాల్ చూడడం అలవాటైంది. టీవీలో విశ్లేషకుడిగా కనిపించే రయాన్ ఫిట్జ్‌ప్యాట్రిక్ ఆటగాడిగా తొమ్మిది జట్లు మారాడట. ఏ జట్టూ అట్టిపెట్టుకోని ఆటగాణ్ణి అంతగా ఎందుకు మెచ్చుకుంటారు?
– ఒక పాఠకుడు, ఏలూరు

జవాబు: జట్లు మారడాన్ని లోపంగా లెక్కించే ముందు అక్కడి ఒప్పందాల తీరును గమనించాలి. అక్కడి వృత్తి ఫుట్‌బాల్ లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఒప్పందంలో రాసుకున్న మొత్తమంతా సాధారణంగా ఆటగాడికి దక్కదు. హామీ ఇచ్చిన భాగం మాత్రమే ఖాయం, మిగిలిన ఏళ్లను జట్టు రద్దు చేసుకోవచ్చు. బఫలో బిల్స్ 2011లో ఇతనితో ఆరేళ్లకు 5.9 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుని, 2013 మార్చిలోనే వదులుకుంది.

హార్వర్డ్‌లో అర్థశాస్త్రం చదివిన ఫిట్జ్‌ప్యాట్రిక్‌ను 2005 డ్రాఫ్ట్‌లో (జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమం) సెయింట్ లూయిస్ రామ్స్ చివరి రౌండులో, 250వ ఆటగాడిగా ఎంచుకుంది. అంత వెనుక ఎంపికైనవారిలో చాలామంది త్వరగానే కనుమరుగవుతారు. ఆ ఏడాది నవంబరులో, గాయపడిన ఆటగాడి స్థానంలో తొలిసారి మైదానంలోకి దిగిన ఇతను, హ్యూస్టన్ చేతిలో 24–3తో వెనుకబడిన జట్టును అదనపు సమయంలో 33–27తో గెలిపించాడు.

ఐపీఎల్‌లో ఆరన్ ఫించ్ కూడా సన్‌రైజర్స్ హైదరాబాద్ సహా తొమ్మిది జట్లకు ఆడాడు. అయితే బ్యాటర్ ఏ జట్టుకు వెళ్లినా తన ఆట తాను ఆడుకోవచ్చు. ఫిట్జ్‌ప్యాట్రిక్ లాంటి క్వార్టర్‌బ్యాక్‌కు, అంటే జట్టు దాడిని నడుపుతూ పాస్‌లు విసిరే ఆటగాడికి, అలా కుదరదు. కొత్త జట్టు వ్యూహాలన్నిటినీ, వాటిని సూచించే సంకేత పదాలతో సహా కంఠస్థం చేసి, బంతి చేతికి రాకముందే మిగిలిన పదిమందినీ తానే నడిపించాలి. ఆ స్థానంలో తొమ్మిది వేర్వేరు జట్ల తరఫున ఆరంభం నుంచి బరిలోకి దిగినవాడు ఎన్‌ఎఫ్‌ఎల్ చరిత్రలో ఇతని కంటే ముందు లేడు. నా దృష్టిలో అసలు ఘనత ఇదే. టాంపా బే తరఫున 2018లో వరుసగా మూడు మ్యాచ్‌లలో 400 గజాలకు మించి పాస్‌లు విసరడం కూడా అంతకు ముందు ఎవరికీ సాధ్యం కాలేదు.

లోపాలూ ఉన్నాయి. సాహసించి విసిరిన బంతులు ప్రత్యర్థుల చేతుల్లో పడడం అతన్ని చివరిదాకా వెంటాడింది: మొత్తం 223 టచ్‌డౌన్ పాస్‌లకు (బంతిని ప్రత్యర్థి గీత దాటించి పాయింట్లు తెచ్చినవి) 169 ఇంటర్‌సెప్షన్లు (ప్రత్యర్థులు అందుకున్నవి). 2015లో న్యూయార్క్ జెట్స్‌కు 31 టచ్‌డౌన్ పాస్‌లు అందించినా, ప్లేఆఫ్‌కు చేర్చవలసిన చివరి మ్యాచ్‌లో, అదీ తన పాత జట్టు బఫలో మీద, నాలుగో క్వార్టర్‌లో మూడు ఇంటర్‌సెప్షన్లు ఇచ్చాడు. 17 సీజన్లలో ఒక్క ప్లేఆఫ్ మ్యాచ్ కూడా ఆడలేదు. 2021లో వాషింగ్టన్ తరఫున తొలి మ్యాచ్‌లోనే తుంటికి గాయమై, మళ్లీ ఆడకుండానే 2022లో విరమించాడు.

వీలైతే 2020 డిసెంబరు 26న లాస్ వెగాస్‌లో మయామీ ఆడిన మ్యాచ్ ముగింపు చూడండి. ఆ సీజన్ మధ్యలో యువ ఆటగాడు తువా కోసం ఇతన్ని పక్కన పెట్టారు. ఆ రోజు నాలుగో క్వార్టర్‌లో మళ్లీ ఇతన్నే దింపారు. చివరి క్షణాల్లో ప్రత్యర్థి ముఖకవచం పట్టుకుని మెడ తిప్పేస్తుండగా, ఎటు విసురుతున్నాడో సరిగా కనిపించని స్థితిలో ఇతను వేసిన 34 గజాల పాస్ సహచరుడికి చేరింది, మయామీ 26–25తో గెలిచింది.