చిన్న బ్యాటరీ అలిగితే పెద్ద కారు కదలదు

ప్రశ్న: మాది హైబ్రిడ్ కారు. అమెరికాలో అమ్మాయి దగ్గర ఐదు వారాలు ఉండి వచ్చాం. అన్నాళ్లూ కారు సెల్లారులోనే ఉంది. తిరిగొచ్చాక రిమోట్ నొక్కితే తలుపులు తెరుచుకోలేదు. రిమోట్ లోపల దాగి ఉండే ఇనప తాళంచెవితో తీసి స్టార్ట్ బటన్ నొక్కితే, మీటరు దగ్గర లైట్లు మినుకుమినుకుమంటున్నాయి, టకటకమని చప్పుడు వచ్చి అన్నీ ఆరిపోతున్నాయి. ఒకసారి హెచ్చరిక దీపాలన్నీ కలిసి వెలిగాయి. వీధి చివరి మెకానిక్ చూసి, హైబ్రిడ్ బ్యాటరీ పోయింది, లక్షల్లో ఖర్చు అన్నాడు. నిజమేనా? – ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: కారు మోడల్ రాయలేదు మీరు. ఫర్వాలేదు. టయోటా హైరైడర్ అయినా, హైక్రాస్ అయినా, మారుతి గ్రాండ్ విటారాలో స్ట్రాంగ్ హైబ్రిడ్ (మోటారు ఒక్కటే కూడా కారును నడపగలిగే రకం) అయినా ఈ జబ్బుకు మొదటి పరీక్ష ఒకటే. ఆ లక్షలను మాత్రం ప్రస్తుతానికి బ్యాంకులోనే ఉండనివ్వండి.

పెట్రోలు ఇంజిన్‌తో పాటు కరెంటు మోటారు కూడా ఉండే ఇలాంటి హైబ్రిడ్‌లో బ్యాటరీలు రెండు. చక్రాలకు బలమిచ్చేది పెద్దది; 2010 నాటి టయోటా ప్రియస్ హైబ్రిడ్‌లో అది 201.6 వోల్టులు. రెండోది అన్ని కార్లలోనూ ఉండే 12 వోల్టుల బ్యాటరీ. తలుపు తాళాలు, మీటరు, కారులోని కంప్యూటర్లు అన్నీ ఈ చిన్నదాని మీదే బతుకుతాయి. పెద్ద బ్యాటరీలోని కరెంటు బయటికి రావాలంటే రిలేలనే కొన్ని స్విచ్‌లు కలుసుకోవాలి. వాటిని కలిపేది కూడా ఈ 12 వోల్టులే. గోదాము నిండా ధాన్యం ఉన్నా, తాళాలున్న గుమాస్తా రాకపోతే ఒక్క గింజ బయటపడదు కదా, అదే కథ. కాబట్టి మీరు నొక్కుతున్న బటన్‌ను కంప్యూటర్ పవర్ బటన్ అనుకోండి. మీ కారు బూట్ కావడం లేదు, అంతే.

ఆ టకటక ఏమిటంటే, రిలే పట్టుకోబోతుంది, వోల్టేజీ పడిపోతుంది, వదిలేస్తుంది, మళ్లీ పట్టుకోబోతుంది. దీపాలన్నీ వెలగడానికీ కారణం అదే. వోల్టేజీ చాలక కంప్యూటర్ల మధ్య మాటలు తెగిపోయి, తలా ఒక ఫిర్యాదు చేస్తాయి. పది దీపాలు వెలిగితే పది రోగాలున్నట్లు కాదు. ఐదు వారాలూ కారు నిద్రపోయిందని మీరు అనుకున్నా, రిమోట్ పిలుపు కోసం చెవులు రిక్కించుకునే రిసీవరూ దొంగల అలారమూ కొంచెం కొంచెంగా తాగుతూనే ఉంటాయి.

ఇక పరీక్ష. కొన్ని వందల రూపాయల మల్టీమీటర్ చాలు. 20 వోల్టుల డీసీ దగ్గర పెట్టి, కారు ఆపి ఉండగా 12 వోల్టుల బ్యాటరీ కొసల మీద ఆనించండి. 12.6 కానీ ఆ పైన కానీ ఉంటే నిండుగా ఉన్నట్లు. 12.2 దగ్గరుంటే సగం. 11.8 కంటే దిగితే ఖాళీ. అంకె బాగానే కనిపించినా, బ్రేకు తొక్కి బటన్ నొక్కగానే 12.4 కాస్తా 9కి జారితే ఆ బ్యాటరీకి వయసైపోయింది.

బ్యాటరీ ఎక్కడుందో మాన్యువల్లో చూడండి. కొన్నిటిలో బానెట్ కింద, కొన్నిటిలో డిక్కీలో ఉంటుంది. రెండో తరం ప్రియస్‌లో అది డిక్కీలో ఉంటుంది, ఆ డిక్కీ తలుపు తెరుచుకోవడానికేమో కరెంటు కావాలి! అందుకే బానెట్ కింద ఫ్యూజు పెట్టెలో జంప్ ఇవ్వడానికి, అంటే బయటి బ్యాటరీ నుంచి కరెంటు అందించడానికి, వేరే కొస పెట్టారు. జంప్‌కు పవర్‌బ్యాంకు లాంటి చిన్న జంప్ స్టార్టర్ సరిపోతుంది. ఇలాంటి స్ట్రాంగ్ హైబ్రిడ్లలో ఇంజిన్‌ను తిప్పేది పెద్ద బ్యాటరీతో నడిచే మోటారు కాబట్టి, 12 వోల్టుల వైపు కంప్యూటర్లు మేలుకుంటే చాలు. ఎర్ర క్లిప్పు ప్లస్‌కు, నల్లది రంగు లేని గట్టి ఇనుముకు.

ఇక్కడే జాగ్రత్త. ఒకసారి మా పక్కింటాయన కారు ఇలాగే సెల్లారులో మొరాయిస్తే, సాయంత్రం చీకట్లో ఇద్దరం వంగాం. దుమ్ము పట్టి రెండు కొసలూ ఒకే రంగులో ఉన్నాయి. చేతిరుమాలుతో తుడిస్తే, నేను ఎర్ర క్లిప్పు పట్టుకెళ్తున్న కొస పక్కన చిన్న అడ్డగీత కనిపించింది. మైనస్! తారుమారైతే పెద్ద ఫ్యూజు ఎగరడంతో ఆగితే అదృష్టం. పెద్ద బ్యాటరీ కరెంటును మోటారుకు తగినట్లు మార్చే ఇన్వర్టర్ వైపు ఎలక్ట్రానిక్స్ కాలితే మీ మెకానిక్ చెప్పిన లక్షలు నిజమవుతాయి. అన్నట్లు, మీ హైబ్రిడ్‌తో ఎవరి డీజిల్ కారుకూ జంప్ ఇవ్వకండి. దాని స్టార్టర్ అడిగే వందల ఆంపియర్లు ఇచ్చే శక్తి దీనికి లేదు.

కారు మేలుకుని మీటరులో రెడీ అని వెలిగాక మళ్లీ మల్టీమీటర్ పెట్టండి. 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. ఇలాంటి హైబ్రిడ్‌లో, మామూలు కార్లలో ఇంజిన్‌తో తిరుగుతూ బ్యాటరీని నింపే ఆల్టర్నేటర్ ఉండదు. పెద్ద బ్యాటరీ నుంచి చిన్నదాన్ని నింపే డీసీ-డీసీ కన్వర్టర్ ఆ పని చేస్తుంది. అంకె 12 దగ్గరే చతికిలబడితే తప్పు దానిదే, అది సర్వీస్ సెంటర్ పని. సరిగా ఉంటే గంటసేపు రెడీలోనే ఉంచండి, కానీ కారును బయటికి తెచ్చాకే. ఇంజిన్ దానంతటదే మధ్యమధ్యలో స్టార్టవుతుంది, మూసిన సెల్లారులో ఆ పొగ ప్రాణాంతకం. కొత్త బ్యాటరీ వేయించాల్సి వస్తే పాతది ఏ రకమో అదే కొనండి. డిక్కీలో ఉండేవాటికి వాయువును బయటికి పంపే గొట్టం ఉంటుంది, దాన్ని తిరిగి తగిలించకుండా వదిలేసేవాళ్లను చూశాను.

12 వోల్టులు నిక్షేపంగా ఉన్నాయా? అప్పుడు బ్రేకు తొక్కి వెనక లైట్లు వెలుగుతున్నాయో లేదో ఎవరినైనా చూడమనండి. బ్రేకు స్విచ్ పోతే మీరు తొక్కినట్లే కారుకు తెలియదు. రిమోట్‌ను స్టార్ట్ బటన్‌కు ఆనించి చూడండి, గేర్ పార్క్‌లో ఉందో చూడండి. పెట్రోలు కూడా. నవ్వకండి, ఖాళీ ట్యాంకుతో పెద్ద బ్యాటరీని పూర్తిగా పిండేసినవాళ్లున్నారు.

ఇవన్నీ అయ్యాక స్కానర్. కారు కంప్యూటర్లు నమోదు చేసిన తప్పుల కోడ్‌లను చదివే బ్లూటూత్ ఓబీడీ పరికరం ఫోనుకు కలిపి కోడ్ చదవండి. వోల్టేజీ పడినప్పుడు నమోదైనవాటిని నోట్ చేసుకుని చెరిపేయండి, తిరిగొచ్చినవే లెక్క. పీ0ఏ80 అంటే పెద్ద బ్యాటరీ క్షీణించింది. పీ0ఏఏ6 అంటే హైవోల్టేజీ ఎక్కడో కారు బాడీ వైపు లీకవుతోంది. ఆ కోడ్ వస్తే చేతులు కట్టుకుని టోయింగ్ బండిని పిలవండి, నారింజ రంగు తీగలను ముట్టుకోవద్దు. 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో మీ ఊళ్లో కార్లు మునిగాయి కదా, అలా నీళ్లు చేరిన హైబ్రిడ్‌కైతే జంప్ కూడా ఇవ్వకూడదు.

మెకానిక్‌ను ఒకటే అడగండి, ఏ కోడ్ వచ్చిందని. కోడ్ చూపకుండా పెద్ద బ్యాటరీ పోయిందంటే, చేయి చూసి జాతకం చెప్పినట్లే. ఒకవేళ నిజంగా పోయినా, టయోటా మన దేశంలో హైబ్రిడ్ బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఇస్తోంది. మీ కారు పుస్తకం తిరగేయండి.

ప్రశ్న: పాత 2010 ప్రియస్ కొన్నాను. కదులుతుంది కానీ ఎర్ర త్రికోణం, పీ0ఏ80. పెద్ద బ్యాటరీలోని చిన్న భాగాల్లో ఒకటి, ఒక్క మాడ్యూల్ మారిస్తే చాలంటున్నారు. – ఒక పాఠకుడు, డాలస్

జవాబు: ముందు వెనక సీటు పక్కనున్న గాలి రంధ్రం చూడండి. బ్యాటరీ ఊపిరి అక్కడి నుంచే, పాత యజమాని కుక్క వెంట్రుకలన్నీ అందులోనే ఉండవచ్చు. మీ బ్యాటరీలో 28 మాడ్యూళ్లు, కారు వాటిని జంటలుగా 14 వోల్టేజీలు చూపిస్తుంది. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడు ఒక జంట మిగతావాటికంటే వోల్టు పైగా కుంగితే రోగి అదే. అయితే అదొక్కటే మార్చడం నాకు నచ్చదు. మిగతావీ దాని ఈడువే, ఒక పన్ను కట్టించుకుంటే పక్కది కదిలినట్లు మళ్లీ మళ్లీ గ్యారేజీకి తిరుగుతారు. కొత్త సెల్స్‌తో పూర్తి ప్యాక్ వేయించండి, లేదా కారు వదిలించుకోండి.

ప్రశ్న: కొత్త హైబ్రిడ్ తెచ్చి వారమైంది. బటన్ నొక్కితే ఇంజిన్ చప్పుడే రాదు. మళ్లీ నొక్కితే మొత్తం ఆగిపోతోంది. – ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: మొదటిసారి నొక్కినప్పుడే స్టార్టయిందండీ, రెండోసారి మీరే ఆపేశారు. మీటరులో రెడీ అని వెలిగితే గేర్ వేసి కదిలించండి, ఇంజిన్ దానికి తోచినప్పుడు మేలుకుంటుంది. దిగేటప్పుడు మాత్రం ఆ రెడీ ఆరిందో లేదో చూసుకోండి. చప్పుడు లేదు కదా అని దిగిపోతే, మీరు ఇంట్లో కాఫీ తాగుతుండగా వాకిట్లో ఇంజిన్ దానంతటదే మొదలవుతుంది.